అమ్మ పంపిన మాట

నా చిన్నప్పుడు మేం వ్యాసర్పాడిలో, రైల్వే యార్డుకు దగ్గరగా ఉన్న వరస ఇళ్ళలో ఉండేవాళ్ళం. నాన్నకు యార్డులో పని. పక్కింటి అక్క బి.ఎ. చదివి, టీచరు ట్రైనింగు కూడా ముగించి, ఉద్యోగం కోసం చూస్తూ ఉండేది. సాయంత్రాలు వాళ్ళ మేడమెట్ల మీద మా ఏడెనిమిది మంది పిల్లలను కూర్చోబెట్టి ఊరికే ఇంగ్లీషు గ్రామరు చెప్పేది. అక్కకు కొంచెం నత్తి. కొన్ని మాటల దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని మళ్ళీ మొదలుపెట్టేది. ఆమె చెప్పే తీరులో పడి మేం ఆ సంగతే మరిచిపోయేవాళ్ళం.

నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు డైరెక్టు స్పీచి, ఇండైరెక్టు స్పీచి మొదలుపెట్టింది. నాకది ఓ పట్టాన ఎక్కలేదు. తనకు ఆకలిగా ఉందని సీత అన్న మాటను మార్చి రాయమంటే, 'సీత సెడ్ దట్ ఐ యామ్ హంగ్రీ' అని రాశాను. అక్క నా నోటుబుక్కు చూసి, "ఆకలి సీతకా, నీకా?" అంది. అందరూ గొల్లుమన్నారు. నాకంటే రెండు తరగతులు చిన్నదైన పిల్ల లేచి సరిగ్గా చెప్పేసింది. అక్క దాన్ని మెచ్చుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ వారంలోనే అక్కకు ఒక బడి నుంచి ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది. పెద్దవాళ్ళ ముందు మాట పెగలదేమోనని ఆమె దిగులు పడుతోందని అమ్మకు తెలిసింది. వంట మధ్యలో లేవలేక నన్ను పిలిచింది.

"పొయ్యి అక్కతో చెప్పు మే. నాలిక తడబడితే తడబడనీ, ఆమె మాదిరి చెప్పేవాళ్ళు ఆడ ఎవురూ ఉండరు. రేపు ధైర్యంగా పొమ్మని నేను చెప్పినానని చెప్పు."

నేను వెళ్ళేసరికి అక్క మరుసటి రోజుకు చీర ఇస్త్రీ చేసుకుంటోంది. నన్ను చూసి నవ్వి, "ఏం, సీతకు ఆకలి తీరిందా?" అంది. ప్రేమగానే అంది. నాకు మాత్రం మెట్ల మీద పిల్లల నవ్వు మళ్ళీ వినిపించింది.

"నాలిక తడబడేవాళ్ళు ఆడికి పొయ్యి ఏం చెప్తారని అమ్మ అంటా ఉంది" అన్నాను.

అక్క ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. సగం ఇస్త్రీ అయిన చీరను మడిచేసింది. తర్వాత, "సరే, నువ్వు పో" అంది.

మరునాడు అక్క ఇంటర్వ్యూకు పోలేదు. సాయంత్రం ఆ సంగతి తెలిసి అమ్మ నన్ను వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళింది.

"ఎందుకు పోలేదు పాపా? నీ మాదిరి చెప్పేవాళ్ళు ఉండరు, ధైర్యంగా పొమ్మని దీంతో చెప్పి పంపినానే. ఏం మే, చెప్పలేదా నువ్వు?"

అక్క నా వైపు చూసింది. నేను నోరు తెరవకముందే ఆమె అంది: "చె...చెప్పింది పిన్నమ్మా. నాకే పొద్దున జ్వరం తగిలింది."

అమ్మ ఆమె నుదురు తాకి, రసం చేసి పంపిస్తానంది. ఆ గిన్నె కూడా నేనే పట్టుకెళ్ళాను. అక్క తీసుకుంది, ఒక్క మాటా అడగలేదు. కొట్టినా బాగుండేదనిపించింది.

మరుసటి సాయంత్రం అక్క మళ్ళీ అదే పాఠం చెప్పింది. ఇంట్లో అమ్మ అన్న మాట ఒకటి రాసుకుని, దాన్ని ఇండైరెక్టులోకి మార్చమంది. "ఐ పోయి షీ వస్తుంది, టుమారో కూడా మారిపోతుంది. అన్నవాళ్ళ మనసు మాత్రం మారకూడదు" అని, గోడకు ఆనించిన బోర్డు వైపు తిరిగి నిలబడింది. ఎవరి వైపూ చూడలేదు.

నేను అమ్మ పంపిన మాట రాశాను. వచ్చీ రాని ఇంగ్లీషులో, ఈసారి ఉన్నదున్నట్టు రాశాను. అక్క చాలాసేపు చదివి, రెండు స్పెల్లింగులు దిద్ది, కింద టిక్కు పెట్టింది. ఆ పుట మాత్రం ఇంట్లో ఎవరికీ చూపించలేకపోయాను.

అక్కకు ఇంకో బడిలో ఉద్యోగం రావడానికి ఏడాదిన్నర పట్టింది. 'ఆ పాడు జ్వరం రాకపోయింటే' అని అమ్మ చివరిదాకా అంటూనే ఉండేది. నేను వింటూ కూర్చునేదాన్ని. అక్క రిటైరయ్యాక, క్షమించమని అడగడానికి రెండుసార్లు అంబత్తూరులో వాళ్ళింటికి వెళ్ళాను. రెండుసార్లూ కాఫీ తాగి వచ్చేశాను.

ఇప్పటికీ ఎవరైనా నాతో కబురు పంపితే, వాళ్ళ ముందే ఒకసారి పైకి చెప్పి, "ఇంతే కదా, నేనేం కలపలేదు కదా?" అని అడిగిగానీ కదలను. అమ్మమ్మకు చాదస్తం ఎక్కువైందని నా మనవరాలు అంటుంది. కాదని చెప్పను.