మా కుండ నీళ్లు తాగిన మార్తమ్మక్క

సహోదరులారా, అక్కచెల్లెళ్లారా, ఎండకాలం వస్తుందంటే మీకు మామిడికాయలు గుర్తుకొస్తాయేమో గాని మా వాడకు గుర్తుకొచ్చేది నారికురుపే! మక్తల్ సంతకు పోయే బండ్ల బాట పక్కన జొన్నచేల నడుమ ఉన్న చిన్న పల్లె మాది. ఊరి మంచినీళ్ల బావి గట్టు ఎక్కే హక్కు మాకు లేదు కాబట్టి చేల అంచున ఉన్న పాత దిగుడు బావే మాకు గతి, మెట్లు దిగి మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి కుండ ముంచుకునేవాళ్లం, ఆ నీళ్లలోనే కాళ్లు కడిగేవాళ్లం, ఆ నీళ్లే తాగేవాళ్లం. ఎండలు ముదిరేసరికి ఎవరి కాలికో బొబ్బ లేచేది, నిప్పు పెట్టినట్టు మండేది, చివరికి అది చితికి అందులోంచి తెల్లని దారం లాంటి పురుగు తల బయటపెట్టేది. దాన్ని చిన్న పుల్లకు చుట్టి రోజూ కొంచెం కొంచెంగా బయటికి తీయాలి. గుంజితే తెగుతుంది, తెగితే కాలు చీము పడుతుంది, కొందరికి కీలు బిగుసుకుపోయి మళ్లీ తిన్నగా నడవలేరు. అమ్మవారి కోపమని కొందరు, మా రాత అని కొందరు అనుకుని ఊరుకునేవాళ్లం.

నా పేరు రాహేలమ్మ. అప్పట్లో నన్ను లచ్చమ్మ అనేవారు. ఇంట్లో నేను, నా భర్త, మా అత్త ఎల్లమ్మ, అప్పుడప్పుడే నడక నేర్చిన నా బిడ్డ. భర్త దొర దగ్గర జీతం ఉండేవాడు, పొద్దున పోతే చీకటి పడ్డాకే ఇంటికి రావడం. ఆ యేడు నారికురుపు నా మోకాలి దగ్గర లేచింది. పురుగును పుల్లకు చుట్టుకుని ఇంటి పట్టున ఉందామంటే దొర గడిలో వెట్టి తప్పదాయె, కట్టెల మోపు దించుతుంటే ఆ పుల్ల దేనికో తగులుకుని పురుగు కాస్తా తెగిపోయింది! ఇక చూడండి నా అవస్థ, మోకాలు కుండంత వాచింది, జ్వరం, చీము, మంచం మీద అటు నుంచి ఇటు తిరగాలన్నా మా అత్త పట్టుకోవలసిందే. ఆమెది పెద్ద నోరు, తిడుతూనే తిరగేసేది, తిడుతూనే గంజి తాగించేది.

మంచం మీద పడుకుని నేను ఆకాశంతో తగవు పెట్టుకున్నాను. దేవుడనేవాడు ఉంటే ఈ పురుగును ఎందుకు పుట్టించాడు? పుట్టించినవాడు దానికి మా కాళ్లే ఎందుకు చూపించాడు? నా కాలు పోతే పోయింది, ఆ మంచం చుట్టూ తప్పటడుగులు వేస్తున్న నా బిడ్డను చూస్తే నా గుండె చెరువయ్యేది. అది తాగేదీ ఆ నీళ్లే కదా, రేపు దాని కాలికీ ఇదే గతి కదా! నా బిడ్డ కాళ్లు నిలబడతాయా లేదా అన్నదొక్కటే నాకు రాత్రింబవళ్లు ఆలోచన.

ఆ రోజుల్లోనే మా ఇంటికి మార్తమ్మక్క వచ్చింది. ఆమె మక్తల్‌లో ఉండి చుట్టుపక్కల పల్లెలన్నీ కాలినడకన తిరిగి వాక్యం చెప్పే బైబిలమ్మ. ఆమెదీ మాలాంటి ఇల్లే, తల్లిదండ్రులు లేక మిషన్ బడిలో పెరిగి చదువుకున్నది. నా సంగతి ఎవరో చెబితే ఎండలో నడుచుకుంటూ వచ్చి నా మంచం పక్కన కింద కూర్చుంది. మా అత్త చెంబుతో నీళ్లు ఇచ్చింది. మార్తమ్మక్క తన సంచిలోంచి గ్లాసు, తెల్లని గుడ్డ తీసి, గుడ్డను మడతపెట్టి గ్లాసు మీద పరిచి ఆ నీళ్లు వడగట్టబోయింది. అంతే, మా అత్త మొహం మాడిపోయింది.

"ఏమమ్మా, నాలుగు అచ్చరాలు రాంగనే మా నీళ్లు గూడ పనికిరాకుంట అయినయా? ఊరోళ్లు ఎట్లనూ మమ్ములను ముట్టరు, మాలో పుట్టినదానివి నువ్వు గూడ గట్లనే చేస్తవా?"

మార్తమ్మక్క చెయ్యి ఆగిపోయింది. నా మోకాలి వైపు చూసింది, మంచం కోడు పట్టుకుని నిలబడ్డ నా బిడ్డ వైపు చూసింది. గుడ్డ మడిచి సంచిలో పెట్టేసి, చెంబు రెండు చేతులా పట్టుకుని గటగటా తాగేసింది. "చల్లగున్నయి అవ్వా" అంది. మా అత్త మెత్తబడింది. నాకు మాత్రం అప్పుడు ఏమీ అర్థం కాలేదు, దాహం వేసి ఉంటుందిలే అనుకున్నాను.

ఆమె నా కాలు కడిగి, కట్టు కట్టి, నా నుదుటి మీద చెయ్యి పెట్టి చేసిన ప్రార్థన ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "ప్రభువా, గీ చెల్లె కాలును నీ చేతులల్ల పెడుతున్న. నాకు తెల్వనియి నీకు తెలుసు. ఈమెకు నిద్ర ఇయ్యి, నాకు ఓపిక ఇయ్యి." ఇంత చిన్న ప్రార్థన! గొప్ప మాటలు ఒక్కటీ లేవు. నేను ఉండబట్టలేక నా తగవంతా ఆమె ముందు పెట్టాను, మీ దేవుడు ఈ పురుగును ఎందుకు చేశాడో చెప్పమని నిలదీశాను. ఇంకొకరైతే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవారు.

"నాకు తెల్వదు చెల్లె" అంది ఆమె. "పరలోకం పోయినంక నేను గూడ గదే అడుగుత. గని గీ పురుగు నీళ్లల్లకెల్లి వస్తదని తెలుసు, గుడ్డ మడతవెట్టి వడగడితే రాదని తెలుసు. మనకు తెలిసినకాడికి చేద్దాం."

సహోదరులారా, తెలియనిదాన్ని తెలియదని చెప్పిన ఆ నోటి మీద నాకు ఆనాడే నమ్మకం కలిగింది! ఆమె వీలున్నప్పుడల్లా వచ్చేది, నా కట్టు మార్చేది, నేను ఊరికే పడుకుని ఏడవడం చూడలేక బొగ్గుతో గోడ మీద అక్షరాలు రాసి దిద్దించేది. ఈ రోజు నా చేతితో నేను ఈ సాక్ష్యం రాస్తున్నానంటే అది ఆ మంచం మీద దేవుడు నాకు ఇచ్చిన చదువు చలవే. వానలు పడే నాటికి నేను లేచాను, మోకాలు బిగుసుకుపోయినా కుంటుకుంటూ నడిచాను. నీళ్ల సంగతి మాత్రం మా అత్త చెవిన వేసుకోలేదు. నేను గుడ్డ తీస్తే లాగేసేది. తాతల నాటి నుంచి తాగిన నీళ్లకు ఇప్పుడు వంకలేమిటని వాదించేది, వాడంతా ఆమె మాటే వినేది.

మళ్లీ ఎండకాలం వచ్చింది. మార్తమ్మక్క రావడం మానేసింది. ఏమైందా అని నేను దిగులు పడుతుంటే సంతకు పోయి వచ్చినవాళ్లు కబురు తెచ్చారు, బైబిలమ్మ కాలికి నారికురుపు లేచిందట, మంచాన పడిందట! వాడలో నవ్వులే నవ్వులు. వడగట్టుకుని తాగేదానికీ వచ్చింది కదా, ఇక ఆ గుడ్డ మాట ఎత్తకండి అన్నారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆమె మాట అబద్ధమైతే నా బిడ్డకు ఇక దిక్కేమిటి?

చూసి వస్తానని బయలుదేరాను. కుంటిదానివి ఒక్కదానివే ఎట్లా పోతావని మా అత్త కూడా వెంట వచ్చింది. మార్తమ్మక్క తన చిన్న గదిలో చాప మీద పడుకుని ఉంది, కాలి మడమ దగ్గర పుల్ల కట్టి ఉంది, మమ్మల్ని చూసి లేవబోయింది. మా అత్త ఊరుకునే రకమా, కూర్చోకముందే అడిగేసింది.

"అన్ని నీళ్లు వడగట్టుకుని తాగుతవు గద, నీకెట్ల వచ్చె?"

"గీ పురుగు కడుపుల పడ్డంక ఏడాదికి గని బయటవడదు అవ్వా" అని మార్తమ్మక్క మాట దాటేయబోయింది. మా అత్త ఆగింది. ఆమె పెదాలు కదులుతున్నాయి, ఏదో వెనక్కి లెక్క వేసుకుంటోంది.

"పోయిన ఎండకాలం మా ఇంట్ల తాగినవు."

మార్తమ్మక్క కొంగు లాగి కాలి మీది పుల్లను కప్పుకుంది.

"వస్తదని తెలిసే తాగినవా?"

"వస్తదేమోనని తెలుసు."

"మరెందుకు తాగినవే పిచ్చిదానా!"

"ఆనాడు గుడ్డ వేసి వడగడితే నన్ను మళ్ల నీ గడప తొక్కనిస్తుంటివా అవ్వా? నువ్వు రానియ్యకుంటే లచ్చమ్మ కాలు ఎవరు జూడాలె, గా చిన్నపిల్ల సంగతి ఎవరు జూడాలె?"

దేవుడు ఎక్కడున్నాడని మంచం మీద పడి అరిచాను కదా, ఆయన పంపిన మనిషి నా ఎదుటే కూర్చుని నా కుండ నీళ్లు తాగుతుంటే గుర్తుపట్టలేకపోయాను! చదువుకున్నవాళ్లు మనకు దూరమైపోతారని మా అత్త భయం, చదువుకుని మా రోగం దాకా నడిచి వచ్చిన మనిషిని ఆ రోజు మేమిద్దరం కళ్లారా చూశాం.

ఎవరికీ తల వంచని మా అత్త ఆ చాప పక్కన కూలబడి, మార్తమ్మక్క కాలు ఒళ్లో పెట్టుకుని, పుల్ల పట్టుకుని కళ్లు మూసుకుంది. ఆమె తొలి ప్రార్థన అది. "ఏసయ్యా, నేను ఎల్లమ్మను. నువ్వు నన్ను ఎరుగవు, నేను నిన్ను ఎరుగ. నాకు మొక్కుడు రాదు. నేను ఇచ్చిన నీళ్లకే గీ పిల్ల పడ్డది. గీ పురుగును తెగనియ్యకు. నువ్వు తెగనియ్యకుంటే మా వాడల గుడ్డ లేని కుండ ఒక్కటి ఉండదు, ఉంటే నన్నడుగు!"

దేవుడు ఆ మాట విన్నాడు! మా అత్త అక్కడే ఉండిపోయి, రోజూ తన చేత్తోనే పుల్ల తిప్పుతూ, దొడ్డు వేళ్లతో అంత నెమ్మదిగా ఎట్లా తిప్పిందో గాని, పురుగు ఎక్కడా తెగకుండా పూర్తిగా బయటికి వచ్చింది. మార్తమ్మక్క లేచి నడిచింది.

ఇక మా అత్త ఇంటికి వచ్చాక వాడలో ఎవరికీ నెమ్మది లేదు! నా భర్త మంచి పంచెను అడగకుండానే చింపి ముక్కలు చేసి ఇంటింటికీ పంచింది. పొద్దున్నే దిగుడు బావి మెట్ల మీద కూర్చునేది, కురుపులోని పురుగు నీళ్లలో పిల్లలు పెడుతుందని మార్తమ్మక్క చెప్పిందట, అందుకే నారికురుపు లేచినవాళ్లను నీళ్లలో కాలు పెట్టనిచ్చేది కాదు, వాళ్ల కుండలు తనే ముంచి ఇచ్చేది. గుడ్డ లేకుండా వచ్చినవాళ్లకు ఆమె నోటి సంగతి చెప్పాలా! నవ్వినవాళ్లు నవ్వారు, తిట్టినవాళ్లు తిట్టారు. మరుసటి యేడు నారికురుపులు తగ్గాయి, ఆ తర్వాత ఇంకా తగ్గాయి, నవ్వినవాళ్లే గుడ్డలు ఉతికి ఆరేసుకోవడం మొదలుపెట్టారు. మా అత్తా నేనూ ఒకే రోజు బాప్తిస్మం తీసుకున్నాం. ఆమెకు ఎలీసబెతు అని పేరు పెట్టారు, ఆ పేరు పలకడానికి ఆమెకే నోరు తిరగదు, అది వేరే సంగతి.

ఆ పురుగును దేవుడు ఎందుకు చేశాడో నాకు ఈ రోజుకీ తెలియదు. అడగడం మానలేదు, కోపంతో అడగడం మాత్రం మానేశాను. మార్తమ్మక్క ఇప్పటికీ పల్లెలు తిరుగుతోంది, ఆమెలాంటి మనిషిని ఇచ్చిన దేవుడికి నేను ఎన్ని స్తోత్రాలు చెప్పినా తీరదు.

ఎండలు ముదిరిన ఈ రోజుల్లోనే ఇది రాస్తున్నాను. నా బిడ్డ గొర్రెపిల్లల వెంట పరుగులు తీసే వయసుకు వచ్చింది. సాయంత్రం అది ఇంటికి రాగానే కాళ్లు కడిగి, వేళ్ల సందుల నుంచి మోకాళ్ల దాకా తడిమి చూడటం నాకు అలవాటైపోయింది. నిన్న అది విసుక్కుంది, "ఏం లేదే అమ్మా, ముళ్లు గీసుకున్నయి గంతే!" అంది. ముళ్లే! సహోదరులారా, నా బిడ్డ కాళ్ల మీద ముళ్ల గీతలు తప్ప మరేమీ లేవు! దేవునికే మహిమ! మీ ఇంట్లో ఏ బాధ తిష్ట వేసి ఉందో నాకు తెలియదు, కాని అక్కడికి రావడానికి ఆయన అసహ్యపడడు, ఆయనను నమ్మండి, తలుపు తీయండి. ఒంటరిగా ప్రార్థించే ధైర్యం లేకపోతే నాకు కబురు పెట్టండి, నా మోకాలు ఇంకా వంగదు గాని కుంటుకుంటూ అయినా మీ గడప దాకా వస్తాను.