తలకి రెండు బిందెలు

ఆ ఏడు వేసవిలో మా మావగారు బందరు మునిసిపల్ కౌన్సిల్లో ఒక తీర్మానం పెట్టి నెగ్గించుకొచ్చారు. ఊళ్ళో అందరికంటే ముందు దానికి ఎదురు తిరిగింది మా అత్తగారు.

ముప్ఫైల నాటి మాట. నేను కాపురానికొచ్చి అప్పటికి మూడేళ్ళు. మావగారు హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పాత శిష్యులు పట్టుబట్టి ఆయన్ని మా వార్డుకి కౌన్సిలరుగా నిలబెట్టి గెలిపించారు. మా వారికి గుడివాడలో స్కూలు ఉద్యోగం. శనివారం సాయంత్రం రైల్లో వచ్చి సోమవారం తెల్లవారుతూనే వెళ్ళిపోయేవారు. ఇంట్లో ఉండేది అత్తగారూ, మావగారూ, నేనూ, మా ఏడాదిన్నర పాపా. నా పుట్టిల్లు దివిసీమలో, హంసలదీవికి దగ్గర చిన్న ఊరు. సముద్రపు హోరు వింటూ పెరిగినదాన్ని. ఎనిమిదో క్లాసు దాకా చదువుకున్నాను.

బందరులో ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే. ప్రతి పెరట్లోనూ నుయ్యి ఉండేది కానీ ఆ నీళ్ళు గిన్నెలు తోముకోవడానికీ, వాకిట్లో చల్లుకోవడానికీ తప్ప దేనికీ పనికొచ్చేవి కావు. వాటిలో కందిపప్పు వేస్తే రెండు గంటలైనా గింజ గింజలాగే ఉండేది. తాగడానికీ వండుకోవడానికీ మునిసిపాలిటీ వారి మంచినీళ్ళ చెరువే దిక్కు. కృష్ణ కాలువ పారినన్నాళ్ళూ ఆ చెరువు నింపుకునేవారు. వేసవిలో మరమ్మతులకని కాలువ కట్టేశాక, మళ్ళీ వదిలేదాకా ఉన్న నీళ్ళతోనే సరిపెట్టుకోవాలి. ఆ ఏడు కాలువ ముందే కట్టేశారు. ఎగువన లాకుల దగ్గర పని పెద్దదనీ, నీళ్ళు ఆలస్యమవుతాయనీ కబురొచ్చింది. మే నెల రాకుండానే చెరువులో మేమెన్నడూ చూడని అడుగుమెట్లు బయటపడ్డాయి.

మావగారి తీర్మానం ఇది. మనిషికి రోజుకి రెండు బిందెలు. మేడలో ఉన్నా, పాకలో ఉన్నా, పసిపిల్లయినా, ముసలివాళ్ళయినా అంతే. పూలతోటలకీ, బండ్లు కడగడానికీ చెరువు నీళ్ళు వాడకూడదు. ఎవరూ చెరువులోకి దిగకూడదు. గట్టు మీద ఒక చేతిపంపు బిగిస్తారు, దాని గొట్టం కిందే బిందె పట్టుకోవాలి. దండోరా వేయించి వచ్చి ఆయన ఉత్సాహంగా మడత కుర్చీలో కూర్చున్నారు.

"మడికి కూడా లెక్కేనా?" అని అత్తగారు వంటింటి గుమ్మంలోంచి అడిగింది.

"మడికీ లెక్కే."

"నా ఒక్కదానికే పొద్దున్న నాలుగు బిందెలు కావాలి. నూతి నీళ్ళతో స్నానం చేస్తే ఒళ్ళంతా దురద. ఊరందరికీ కౌన్సిలరైతే అయ్యారు, ఇంట్లోవాళ్ళ గొంతు ఎండగట్టడానికా?"

"నలుగురం ఉన్నాం. ఎనిమిది బిందెలొస్తాయి."

అత్తగారు నా చంకలో ఉన్న పాపని చూసి ఒక్క క్షణం ఆలోచించింది. "దీనికీ రెండేనా? దీనికి ఉగ్గుగిన్నెడు చాలదూ! సరే, దీని వాటా నాకిచ్చెయ్యండి" అంది. మావగారు నవ్వు ఆపుకోలేకపోయారు. నేను పాప జుట్టులో మొహం దాచుకుని నవ్వాను.

చెరువు దగ్గర మొదటి రోజే గొడవైంది. ఆడవాళ్ళ వరసలో లెక్క చూడమని కూర్చోబెట్టిన బిల్లు కలెక్టరు, ఇద్దరు ఆడవాళ్ళు బిందెలు పైకెత్తి ఒకరి మీదకొకరు వెళ్ళేసరికి కాగితాలు అక్కడే వదిలి పారిపోయాడు. ఆ సాయంత్రం మావగారు నన్ను పిలిచారు.

"అమ్మాయ్, నీళ్ళకొచ్చేది ఆడవాళ్ళు. వాళ్ళ మీద మగవాడు కేకలేస్తే పని జరగదు. నీకు చదవడం, రాయడం వచ్చు. పదిరోజులు నువ్వు కూర్చోగలవా?"

నాకు భయం వెయ్యలేదు, సంతోషమేసింది. ఇంట్లోంచి కదిలి చేసే పని నాకప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. అత్తగారు మాత్రం ఇల్లు ఎగిరిపోయేలా కేకలేసింది.

"నా కోడలు చెరువు గట్టు మీద కూర్చుని బిందెలు లెక్కపెడుతుందా? నలుగురూ ఏమంటారు?" అని, చివరికి "అది ఒక్కతీ కూర్చోవడానికి వీల్లేదు. నేనూ వస్తాను" అంది.

ఆవిడ నాకు కాపలా అనుకుని వచ్చింది కానీ, వచ్చిన పూటే చెరువుకే కాపలా అయిపోయింది. తాటాకు పందిరి కింద నేను పేర్ల పట్టీ పట్టుకుని చాప మీద, ఆవిడ ఎత్తుపీట మీద, మధ్యలో పాప. ముప్ఫై ఏళ్ళుగా ఆ వీధుల్లో పురుళ్ళకీ పెళ్ళిళ్ళకీ తిరిగిన మనిషి. ఎవరింట్లో ఎంతమంది ఉన్నారో ఆవిడకి కాగితం అక్కర్లేదు.

ఒక పెద్ద ప్లీడరు గారింటి నుంచి వంటమనిషీ, కావిడి మోసేవాళ్ళూ వచ్చారు. "పదిహేను మందిమండీ" అంది వంటమనిషి.

"పదిహేను మందెక్కణ్ణుంచి వచ్చారే? పెద్దకోడలు పురిటికి వెళ్ళి నెలైంది. చిన్నబ్బాయి మద్రాసులో ఉన్నాడు. ఇద్దరాడపిల్లలు అత్తారింట్లో ఉన్నారు. పదకొండు. అమ్మాయ్, పదకొండు రాయి."

"చుట్టాలొచ్చారమ్మగారూ."

"ఎంతమంది?"

"ముగ్గురు."

"ఎన్నాళ్ళుంటారు?"

వంటమనిషి తల గోక్కుంది. "అది మా అమ్మగారే అడగలేకపోతున్నారండీ" అంది. వరసంతా పకపకా నవ్వింది. చుట్టాలకి రెండు రోజులు నీళ్ళిచ్చింది అత్తగారు. మూడో రోజు వాళ్ళు రైలెక్కారని విన్నాం.

ఒకరోజు ఛైర్మన్ గారి గులాబీ తోటకని పీపాబండి వచ్చింది. వెనక్కి పంపేశాం. అరగంటకి ఆయనే స్వయంగా జట్కా దిగాడు. పీట మీద కూర్చున్న మనిషిని చూసి కండువా సర్దుకున్నాడు. ఆయన చిన్నప్పుడు వాళ్ళ పక్కింట్లో ఉండేదట మా అత్తగారు.

"ఏరా, గులాబీలకి దాహమేసిందా?" అందావిడ.

"లేదు పిన్నిగారూ, మీరెలా ఉన్నారో చూసిపోదామని వచ్చాను" అని ఆయన వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

ఇంత నవ్వులాటలోనూ నన్ను గుచ్చిన సంగతి ఒకటుంది. ఊరి చివర పల్లెలో ఉండే ఆడవాళ్ళని అంటరానివాళ్ళని చెప్పి ఎన్నడూ చెరువు మెట్లు దిగనిచ్చేవారు కాదు. దూరంగా కుండలు పెట్టుకుని నిలబడితే, ఎవరికైనా దయ కలిగితే పోసేవారు. పంపు పెట్టాక కూడా వాళ్ళు అలవాటు ప్రకారం గట్టు కిందే నిలబడ్డారు. మిట్టమధ్యాహ్నానికి వరస అయ్యాక అడుగు కదిలి, వాళ్ళకి దక్కేది బురద కలిసిన నీళ్ళు. నా పట్టీలో వాళ్ళ పేర్లున్నాయి, పేరు పేరుకీ రెండు బిందెలున్నాయి. మూడో రోజున నేను పట్టీ అత్తగారి ముందు పెట్టాను.

"అత్తయ్యా, వీళ్ళకి మనం రెండు బిందెలని రాశాం. ఒకటిన్నర కూడా అందట్లేదు. అదీ బురద."

ఆవిడ గట్టు కిందకి చూసింది. అక్కడ ఒక నిండు చూలాలు ఎండలో కుండ నెత్తిన పెట్టుకుని నిలబడి ఉంది.

"పొద్దున్న ఎప్పుడొచ్చావే?" అని అడిగింది అత్తగారు.

"తెల్లారకముందే వచ్చానండీ" అందామె.

మర్నాడు అత్తగారు పీట ఎక్కుతూనే గట్టిగా చెప్పింది. "ఇవాళ్టి నించి ముందొచ్చినవాళ్ళకి ముందు. వరస ఒకటే."

గొడవ లేచింది. ఇద్దరు ముగ్గురు ఖాళీ బిందెలతో వెనుదిరిగారు. ఒకావిడ, "మడీ ఆచారం ఉన్న మనిషివి, నువ్వా ఈ మాట అనేది?" అని నిలదీసింది.

"నీళ్ళు చెరువులోంచి గొట్టంలోకి, గొట్టంలోంచి బిందెలోకి పడుతున్నాయి. మధ్యలో నీ చెయ్యి తగుల్తోందా, దాని చెయ్యి తగుల్తోందా? లెక్కంటే లెక్కే. ఇష్టం లేకపోతే మీ నూతి నీళ్ళు తాగండి" అంది అత్తగారు.

ఆవిడ సంస్కర్త కాదు. ఇంటికెళ్ళి స్నానం చేశాకే వంటింట్లో అడుగుపెట్టేది. పల్లెవాళ్ళని మా గుమ్మం లోపలికి రానిచ్చిందీ లేదు. నేనది దాచను. కానీ ఆ రోజు తర్వాత ఆ వరస మళ్ళీ రెండుగా చీలలేదు. బిందెలతో తిరిగి వెళ్ళినవాళ్ళు మూడోనాడు ఎండకి తాళలేక వచ్చి, నిండు చూలాలి వెనకే నిలబడ్డారు. కాసేపటికి ఆమెకి ఎన్నో నెలని అడగడం నేను నా చెవులతో విన్నాను.

జూన్ వచ్చింది. కాలువ రాలేదు. పంపు గొట్టం గుడగుడమని గాలి కక్కడం మొదలుపెట్టింది. మావగారికి నిద్ర పట్టడం మానేసింది. గుడివాడ నుంచి రైల్లో నీళ్ళు తెప్పిద్దామని కౌన్సిల్లో ఒకరన్నారు. రైల్వేవారు ఒప్పుకోవడానికే నెల పట్టేలా ఉంది. ఆ శనివారం మా వారు ఒక కూజాడు గుడివాడ నీళ్ళు తెచ్చారు. అత్తగారు దాన్ని దేవుడి దగ్గర పెట్టినంత జాగ్రత్తగా పెట్టి, మర్నాడు అందరికీ ఆ నీళ్ళతో కాఫీ ఇచ్చింది. ఆ కాఫీ తాగుతూ మావగారు, "ఈ చుట్టుపక్కల ఎక్కడా గుక్కెడు మంచినీళ్ళు లేవా?" అన్నారు.

"ఇసక దిబ్బల్లో ఉంటాయండీ" అన్నాను. నోరు జారింది. అందరూ నావైపు చూశారు. మా పుట్టింటి దగ్గర సముద్రం ఒడ్డునే ఇసకలో చెలమలు తీస్తామనీ, వానకాలంలో ఇంకిన నీళ్ళు ఉప్పునీళ్ళ మీద తేలి ఉంటాయనీ, పైపైన తీసుకుంటే కొబ్బరినీళ్ళలా ఉంటాయనీ చెప్పాను.

మర్నాడు పొద్దున్నే రెండెడ్ల బండి కట్టించుకుని మంగినపూడి వెళ్ళాం. మావగారు, అత్తగారు, నేను. దిబ్బల వెనక జాలరిపేటలో, వలలు ఆరేస్తున్న ఒక పెద్దావిడ మా మాట విని లేచి నడిచింది. రెండు తాటిచెట్ల మధ్య ఒక పల్లంలో కూర్చుని చేతులతోనే ఇసక తోడింది. మూరెడు లోతులో తడి, ఇంకొంచెం తోడితే నీళ్ళు. తేరుకున్నాక దోసిట్లో తీసి నాకిచ్చింది. నోట్లో పోసుకోగానే నాకు మా ఊరు గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. "అవే అత్తయ్యా, అవే నీళ్ళు!" అని చిన్నపిల్లలా అరిచాను.

"తీసుకోండి బాబుగారూ. కానీ మాకో కట్టుబాటుంది" అందా పెద్దావిడ మావగారితో. "నడుంలోతు మించి తవ్వమాకండి, కింద ఉప్పు తగులుద్ది. పొద్దున మా కుండలు నిండినాక మీ బళ్ళు రావాలి. ఒక చెలమ ఒకరోజు తోడితే రెండోరోజు దాన్ని ముట్టుకోగూడదు, ఊరనియ్యాలి."

ఊరికి నియమం పెట్టిన మావగారు చేతులు కట్టుకుని ఆ నియమం విన్నారు. అంతా విని, "మీకు మేమేం చెయ్యాలి?" అని అడిగారు.

"వానాకాలం బురదలో చేపల గంపతో బందరు రాలేకపోతన్నాం. రోడ్డు ఏయించండి."

"ఈ నేల మా మునిసిపాలిటీ కిందకి రాదమ్మా. తాలూకా బోర్డుకి నేనే అర్జీ రాస్తాను. అవుతుందని మాత్రం మాటివ్వలేను."

ఆవిడ ఆయన మొహంలోకి చూసి, "ఈ దిబ్బ మీదకొచ్చిన పెద్దోళ్ళల్లో మాటియ్యలేనని చెప్పినోళ్ళు మీరొక్కరే. తవ్వుకోండి" అంది.

ఆ రోజు నుంచి పీపాబళ్ళు వరసకట్టాయి. ఛైర్మన్ గారి గులాబీల పీపా కూడా వాటిలో ఉంది. తలకి రెండు బిందెలు కాస్తా ఒకటయ్యాయి. అయినా ఎవరూ పోట్లాడలేదు. ఆ ఒక్క బిందె నీళ్ళూ అంత రుచిగా ఉండేవి. మొదటి బండి వచ్చిన పూట అత్తగారు కందిపప్పు పడేస్తే పావుగంటలో వెన్నలా ఉడికిపోయింది. వీధిలో ప్రతి ఇంట్లోనూ ఆవేళ పప్పే. ఇంగువ పోపు వాసన చెరువు దాకా వచ్చింది.

పద్దెనిమిది రోజుల తర్వాత కాలువ వచ్చింది. ఎవరు చెప్పారో గానీ ఊరు ఊరంతా కాలువ గట్టుకి పరుగెత్తింది. ముందు తడి మట్టి వాసన, తర్వాత చెత్తా, ఎండు కొమ్మలూ, నురగా దొర్లించుకుంటూ ఎర్రటి నీళ్ళు. జనం ఈలలు వేశారు, పసుపూ కుంకుమా విసిరారు. ప్లీడరు గారి వంటమనిషి మోకాళ్ళలోతు దిగి మా మీద నీళ్ళు చల్లింది. ఆనాడు ఎండలో కుండతో నిలబడ్డ పల్లె ఆమె పదిరోజుల బిడ్డని ఎత్తుకుని గట్టు మీద నిలబడింది. ఆడపిల్లట. అత్తగారు దూరం నుంచే చూసి, "అమ్మాయ్, పట్టీలో ఒక పేరు కలుపు" అని, ఆ పట్టీతో ఇంక పని లేదని గుర్తొచ్చి తనే నవ్వేసింది.

రోడ్డుకి మావగారు రాసిన అర్జీలు ఏడో ఎనిమిదో. రెండేళ్ళకి కంకర పడింది, అదీ సగం దూరమే. మిగతా సగానికి ఆయన మళ్ళీ రాస్తూనే ఉన్నారు.

ఆ ఏడాది చివర్లో కౌన్సిల్లోకి ఒక స్త్రీని నామినేట్ చెయ్యాల్సొచ్చింది. ఛైర్మన్ గారు మళ్ళీ జట్కాలో వచ్చి, మా సావిట్లో నిలబడి అత్తగారి పేరు చెప్పారు. ఆవిడ మావగారి వైపు తిరిగి, "నేనొస్తే మీకేమైనా ఇబ్బందా?" అని అడిగింది.

"నాకేం ఇబ్బంది? ఇంట్లో చెప్పించుకునేదే అక్కడా చెప్పించుకుంటాను" అన్నారు మావగారు.

మొదటి మీటింగు రోజున నేనే ఆవిడకి జరీ అంచు చీర కుచ్చిళ్ళు సర్ది పంపించాను. పొద్దుగుంకే వేళకి ఇద్దరూ ఒకే జట్కాలో తిరిగొచ్చారు. వీధి చివర నుంచే మాటలు వినపడుతున్నాయి, ఆవిడవి ఎక్కువ, ఆయనవి తక్కువ. జట్కా దిగుతూనే అత్తగారు నన్ను కేకేసింది.

"అమ్మాయ్, కాగితం కలం పట్రా. వచ్చే మీటింగులో అడగాల్సినవి నాలుగున్నాయి. నేను చెప్తాను, నువ్వు రాయి."