బస్సుకొక్క ఇంటర్నెట్

కొన్నేళ్ల క్రితం మాట. మా అమ్మాయి ఇంజినీరింగ్ కాలేజీల ఆప్షన్లు ఇంటర్నెట్‌లో పెట్టడానికి ఆ సాయంత్రమే ఆఖరు గడువు. ఆ రోజే విజయవాడలో చుట్టాల పెళ్లి. "ఉచిత ఇంటర్నెట్" అన్న బోర్డు చూసి, లాప్‌టాప్ పట్టుకుని రాజమండ్రిలో ఓ ప్రైవేటు బస్సెక్కాం.

తీరా చూస్తే బస్సు మొత్తానికీ ఉన్నది లాప్‌టాప్‌కు గుచ్చుకునే వేలెడంత డేటాకార్డు ఒక్కటి. వంతులవారీగా వాడుకోవాలట. అప్పటికే ముందు సీటాయన దాంతో క్రికెట్ స్కోరు చూస్తున్నారు.

"ఏవండీ, మా పిల్ల చదువు కన్నా మీ స్కోరు ఎక్కువాండి?"

"ఇంకొక్క ఓవరేనండి."

"ఆ ఓవరయ్యాక ఇంకో ఓవరుంటుంది కదండీ. టిక్కెట్టు మేమూ కొన్నాం."

పావుగంట వాదించాక ఆయన కార్డు పీకి నా చేతిలో పెట్టేశారు. "తీసుకోండమ్మా, మీకో దణ్ణం."

గెలిచిన ఉత్సాహంతో సీట్లో కూర్చునేసరికి జొన్నాడ వంతెన వచ్చింది. అందరూ కిటికీల్లోంచి గోదావరిలో చిల్లర వేస్తున్నారు. నేనూ ఓ రూపాయి తీసి, కళ్లు మూసుకుని, పిల్లకు మంచి సీటు రావాలని మొక్కుకుని విసిరాను.

కళ్లు తెరిస్తే రూపాయి నా చేతిలోనే ఉంది. కార్డు లేదు.

ముందు సీటాయన తాపీగా వెనక్కి తిరిగారు. "కంగారు పడకండమ్మా. ఆప్షన్లు గోదారమ్మే పెట్టేస్తుంది లెండి."

కార్డు ఖరీదు క్లీనర్‌కిచ్చి రావులపాలెంలో దిగి, నెట్ సెంటర్‌కు పరుగెత్తి గడువులోపే పని ముగించాం. పెళ్లికి మాత్రం అందుకోలేకపోయాం.

బస్సుల్లో ఉచిత ఇంటర్నెట్ ఉండాలని ఇప్పటికీ వాదిస్తాను. కాకపోతే దాన్ని బస్సుకే బోల్టులేసి బిగించాలి, ముఖ్యంగా గోదావరి దాటే బస్సుల్లో.