సబ్ ఠీక్ సారూ, పెట్రోలు బావీ

ఆ రోజుల్లో బి.ఎస్సీ. కెమిస్ట్రీ పాసైన ఆడపిల్లకు తన మీద తనకు ఎంత గౌరవం ఉండేదో ఇప్పటి పిల్లలకు చెప్పినా అర్థం కాదు. డెబ్బైల చివర్లో భిలాయిలో, మా రుఆబాంధా క్వార్టర్ల వరసలో, అలా పాసైనదాన్ని నేనొక్కదాన్నే (పక్క వరసలో ఇంకో అమ్మాయి ఉండేది గానీ ఆమెది బోటనీ, అందుకని లెక్కలోకి తీసుకునేదాన్ని కాదు). లోకంలో ఉన్న వస్తువులన్నీ నాకు రెండే రకాలు: నేను పరీక్ష చేసినవి, ఇంకా చెయ్యాల్సినవి. ఒకరోజు అమ్మ పెట్టిన చారులో నీలం లిట్మస్ కాగితం ముంచి, అది ఎర్రబడగానే "ఆమ్లం" అని గంభీరంగా ప్రకటించాను. "ఆమ్లవేటి నీ మొహం, చింతపండే అది! నోర్మూసుకుని తిను" అంది అమ్మ. నాన్న మాత్రం ఉక్కు ప్లాంటులో తన తోటివాళ్లందరికీ "మా గుంట లాబ్‌లో ఆఫీసరు" అని చెప్పుకునేవారు (మా వైపు గుంట అంటే ఆడపిల్ల). నిజానికి నేను పనిచేసేది ప్లాంటుతో సంబంధం లేని ఒక చిన్న నీటి పరీక్షల ఆఫీసులో. అక్కడ నా హోదా సీసాలు కడిగే మనిషికి కొంచెం పైన, ఫ్యానుకు చాలా కింద.

మా ఆఫీసరుగారు మన విశాఖపట్నం వైపు మనిషే. ఆయన అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తొచ్చేది కాదు. పైవాళ్లు ఏమడిగినా "సబ్ ఠీక్ హై సర్!" అనడం వల్ల భిలాయి అంతటా ఆయన సబ్ ఠీక్ సారు. నీళ్లు పచ్చగా ఉన్నా సబ్ ఠీక్. నీళ్లలో తోకకప్పలు ఈదుతున్నా సబ్ ఠీక్ (చేపలు బతికే నీళ్లు మంచి నీళ్లని ఆయన సిద్ధాంతం, తోకకప్ప ఆయన దృష్టిలో చేపే). పైగా నశ్యం అలవాటు. ముక్కుపొడుం డబ్బీ ఒకటి చొక్కా జేబులో, ఒకటి బల్ల సొరుగులో. ఏళ్ల తరబడి దట్టించిన ఆ పొడుంతో ఆయన ముక్కు కేవలం కళ్లజోడు నిలబెట్టుకోవడానికే మిగిలింది. నీటి నాణ్యతలో వాసన మొదటి పరీక్ష అని పుస్తకం చెబుతుంది. ఆ పరీక్ష మా ఆఫీసులో ఈయన చేసేవారు.

ఒక శీతాకాలం పొద్దున్న మా ఇంటికి కూరలు తెచ్చే మౌసీ గంప దించి, పాలకూర బేరం మొదలుపెట్టకుండా నా వైపు తిరిగింది. "నోనీ, తైం పానీ కే ఆఫీస్ మా హస్ న? హమర్ కువాఁ కే పానీ హ మాటీ తేల్ అస్ బస్సాథే" అంది. అమ్మాయ్, నువ్వు నీళ్ల ఆఫీసులోనే కదా ఉన్నావు, మా ఊరి బావి నీళ్లు కిరసనాయిలు కంపు కొడుతున్నాయని. వాళ్ల ఊరి పక్కనే చిన్న విమానాల మైదానం ఉండేది. ఎప్పుడో ఒకసారి ఢిల్లీ నుంచి పెద్దమనుషుల్ని మోసుకొచ్చే బుల్లి విమానం అక్కడ దిగేది, మిగతా రోజుల్లో మేకలు దిగేవి. విమానానికి పోసే పెట్రోలు కోసం అక్కడ భూమిలో ఒక ట్యాంకు పాతిపెట్టారు. ఆ ట్యాంకుకు ఎప్పుడు చిల్లు పడిందో ట్యాంకుకే తెలియాలి. ఊళ్లో పిల్లలకు వాంతులు, అన్నం ఉడికితే కంపు, పశువులు మూతి పెట్టి తిప్పేసుకుంటున్నాయి. ఆడవాళ్లు ఆ మైదానం ఆఫీసుకు వెళ్లి చెబితే, ఆ మైదానం మాది కాదు పొమ్మన్నారట అక్కడివాళ్లు. ఇంకో ఆఫీసుకు పొమ్మంటే అక్కడికీ వెళ్లారు. ఆ రెండో ఆఫీసువాళ్లు మైదానం మాదే గానీ ట్యాంకు మాది కాదన్నారు. ట్యాంకు మాదే అన్న మూడో ఆఫీసువాళ్లు, అందులోంచి కారినది మాత్రం తమది కాదన్నారు.

నాకు ఒళ్లు పొంగింది. ఇన్నాళ్లకు లోకానికి నా అవసరం పడింది! మౌసీ తెచ్చిన సీసా సారు బల్ల మీద పెట్టాను. ఆయన మూత తీసి, భక్తిగా కళ్లు మూసుకుని వాసన పీల్చి, "సబ్ ఠీక్" అన్నారు. "సార్, గుప్పుమంటోంది కద సార్!" అన్నాను. "అది సీసా కంపమ్మా. కిరసనాయిలు సీసాలో తెస్తే నీళ్లేటి చేస్తాయి?" అన్నారు. మర్నాడు నేనే సైకిలు తొక్కుకుంటూ వెళ్లి, నేను కడిగిన సీసాలో నీళ్లు తెచ్చాను. "నీకు జలుబేమో చూసుకో" అన్నారు. ఇక లాభం లేదని శాస్త్రీయంగా నిరూపించడానికి పూనుకున్నాను. బావి నీటి మీద తేలే పొరను పళ్లెంలోకి తీసి, సారు ముందే అగ్గిపుల్ల గీశాను. భగ్గుమంది. నీటి మీద మంట ఎంత అందంగా నాట్యం చేసిందో నేను చూడలేదు, ఎందుకంటే నా ఎడమ కనుబొమ్మ కాలుతున్న కంపు అప్పుడే నాకు తగిలింది. ప్యూను తడి గుడ్డ మొహాన కొట్టాడు. సారు మాత్రం చలించలేదు. "మండింది నీ కనుబొమ్మే కదమ్మా, అది నీళ్లలోది కాదు" అని నశ్యం పీల్చుకున్నారు. ఆ తర్వాత చాలాకాలం నేను కాటుక పెన్సిలుతో సగం కనుబొమ్మ గీసుకుని తిరిగాను. ఒకవైపు ఎప్పుడూ ఆశ్చర్యపోతున్నట్టు ఉండేదాన్ని.

ఊరి ఆడవాళ్లు నాకంటే తెలివైనవాళ్లు. ఢిల్లీ పెద్దమనిషి దిగే ముందు ఏర్పాట్లు చూడడానికి ఒక పెద్దాఫీసరు మైదానానికి వస్తున్నాడని తెలిసి, రన్‌వే మీదే బిందెలు పెట్టుకుని కూర్చున్నారు. మేకల్ని తోలొచ్చు గానీ బిందెల్ని తోలడం కష్టం. పెద్దాఫీసరు హడావిడిగా మా సారును పిలిపించాడు. సారు వెనక నేను, నా వెనక సీసాలు. "పానీ మే ఖరాబీ హై క్యా?" అని గద్దించాడు పెద్దాఫీసరు. "సబ్ ఠీక్ హై సర్!" అన్నారు మా సారు, అలవాటు కొద్దీ. మౌసీ లేచింది. బిందెలోంచి ఇత్తడి గ్లాసు ముంచి, ఏ కోపమూ లేకుండా, చుట్టానికి ఇచ్చినంత మర్యాదగా సారుకు అందించింది. "పీ లేవ్ సాహెబ్."

సారు పెద్దాఫీసరును చూశారు. పెద్దాఫీసరు సారును చూశాడు. ఆడవాళ్లందరూ గ్లాసును చూశారు. "వద్దు సార్" అని నేను తెలుగులో గొణిగాను. ఆయన ఒక్క గుక్కలో తాగేసి, మూతి తుడుచుకుని, "బహుత్ మీఠా పానీ!" అన్నారు. ఆయన కళ్లలోంచి మాత్రం నీళ్లు కారుతున్నాయి. ముక్కు చచ్చిపోయినా గొంతు బతికే ఉంది మరి.

తర్వాత టెంటులో సమోసాలు, టీ. పెద్దాఫీసరు సిగరెట్టు నోట పెట్టుకుని, అగ్గిపెట్టె తీసి, మా సారు వైపు వంగి ఏదో అడగబోయాడు. సరిగ్గా అప్పుడే సారుకు తేన్పు వచ్చింది. మామూలు తేన్పు కాదు. పెట్రోలు బంకులో నిలబడ్డట్టు టెంటంతా గుప్పుమంది. పెద్దాఫీసరు అగ్గిపెట్టె పారేసి, కుర్చీతో సహా వెనక్కి గెంతి, "అరే భాయ్, పెట్రోల్ పీకే ఆయే హో క్యా?" అని కేక పెట్టాడు. సారు నోరు తెరిచి "సబ్..." అనబోయారు. మళ్లీ తేన్పు. ఆ మాట ఆ రోజు పూర్తి కాలేదు.

పిన్నిగారు (సారు భార్య, మా అమ్మకు స్నేహితురాలు) తర్వాత చెప్పిన దాని ప్రకారం, ఆ రెండు మూడు రోజులూ ఆయన్ని వంటింట్లోకి రానివ్వలేదు. "నాను స్టవ్ ముట్టించుకోవాల. మీరు వరండాలో కూకోండి. దేవుడి గదిలోకీ రాకండి, దీపం ఉంది" అందట. ఆయన వరండాలో కూర్చుని, వాంతులు చేసుకుంటూ, మజ్జిగ తాగుతూ, పోస్ట్‌మన్ బీడీ ముట్టిస్తే దూరంగా పొమ్మని బతిమాలుకున్నారట. నేను చూడ్డానికి వెళితే మనిషి వడలిపోయి ఉన్నారు. "ఏటమ్మా," అన్నారు నీరసంగా, "ఆ పిల్లలు రోజూ ఇవే తాగుతున్నారేటి?" అవునన్నాను. ఆయన నశ్యం డబ్బీ కోసం జేబు తడుముకుని, చెయ్యి వెనక్కి తీసేసుకున్నారు.

ఊరంతా నెత్తీనోరూ కొట్టుకుని చెప్పినప్పుడు లేని వాసన, ఒక ఆఫీసరు కడుపులోంచి వచ్చేసరికి అధికారికమైపోయింది. మూడు ఆఫీసులూ తమది కాదన్న పెట్రోలు ఇప్పుడు ముగ్గురిదీ అయింది. ట్యాంకు తవ్వి తీశారు. నల్లబడ్డ మట్టిని లోతుగా తవ్వి, రన్‌వే పక్క పొలంలో పలచగా పరిచి, ఎండకు కంపు ఎగిరిపోవాలని నాగళ్లతో తిరగెయ్యడం మొదలుపెట్టారు. అక్కడ పొగతాగరాదని ఇంగ్లీషులో పెద్ద బోర్డు పెట్టారు. ఆ బోర్డు నీడలోనే నిలబడి ఇంజనీర్లు సిగరెట్లు కాల్చేవారు. ఊరికి ట్యాంకరుతో మంచినీళ్లు పంపారు. బావి నీళ్లు పంపుతో తోడి గుంటలో నిలవబెట్టి, పైన తేలిన పొరను వెడల్పు రేకులతో తీసేవారు.

ఈ పని నెమ్మదిగా సాగుతోందని నాకు అసహనం. నూనెను దూది పీల్చుకుంటుందని ఎక్కడో చదివాను. ఇంట్లో అమ్మ పెళ్లినాటి బొంత, అసలు సిసలు దూదిది, గుర్తొచ్చింది. అమ్మ గుడికి వెళ్లిన సమయం చూసి దాన్ని సైకిలు వెనక కట్టుకుని వెళ్లి, అందరూ చూస్తుండగా తాడు కట్టి బావిలోకి దింపాను. శాస్త్రం తన పని తాను చేసింది. బొంత పెట్రోలు పీల్చింది, దాంతోపాటు బావినీ పీల్చింది. పీల్చి, బరువెక్కి, బుడబుడమంటూ మునిగిపోయింది. పైకి లాగడానికి నలుగురు చాలలేదు. చివరికి నాగలి విప్పి ఎడ్లను కట్టాల్సి వచ్చింది. ఎడ్లు నా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేదు. ఇంటికొస్తే అమ్మ గుమ్మంలోనే పట్టుకుంది. "ఓలమ్మో! నా బొంత నూతిలో పారీసినావేటే? నువ్వు సదివింది కెమిస్ట్రీయా, దొంగతనవా?" నాన్న పేపరు అడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఉన్నారు.

ఎండాకాలం చివరికి బావి నీళ్లు తేటపడ్డాయి, వాసనా పోయింది. నేను పరీక్ష చేసి గంతులేశాను. పెద్దాఫీసరు ట్యాంకరు ఆపించి, మైదానంలో చిన్న సభ పెట్టి దండలు కూడా వేయించుకున్నాడు. తర్వాత వానలు పడ్డాయి. భూమిలో నీరు పైకొచ్చింది, దాంతోపాటు మట్టిలో ఇంకా దాక్కున్న పెట్రోలూ వచ్చింది. మౌసీ గంపతో వచ్చి, బావి నీళ్లకు తడిసిన తన కొంగు నా ముక్కు దగ్గర పెట్టింది. నాకు ఏడుపొచ్చింది.

పెద్దాఫీసరు మళ్లీ వచ్చాడు. దండలు వేయించుకున్నాక బావి చెడిపోవడం ఆయనకు ఎంతమాత్రం నచ్చలేదు. "కామ్ పూరా హో గయా థా. సబ్ ఠీక్ హై న?" అని మా సారును తీక్షణంగా చూశాడు. ఆ ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది, అందిపుచ్చుకుంటే చాలు. సారు గొంతు సవరించుకున్నారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"ఠీక్ నహీ హై సర్" అన్నారు.

అలా అంటారని నేనే నమ్మలేదు. పెద్దాఫీసరు మళ్లీ అడిగాడు, ఈసారి గట్టిగా. సారు కూడా ఈసారి గట్టిగానే, "నహీ హై సర్. ఆప్ పీ కే దేఖియే" అన్నారు. మౌసీ ఆ మాట కోసమే కాచుకున్నట్టు గ్లాసు ముంచి ముందుకు చాపింది. పెద్దాఫీసరు తన పక్కనున్న ఇంజనీరును చూశాడు. ఆ ఇంజనీరుకు ఆ రోజు ఉపవాసం. ఇంకొకాయనకు గొంతు నొప్పి. మూడో ఆయన అప్పుడే జీపు దగ్గరికి నడుస్తున్నాడు. గ్లాసు అందరి ముందూ తిరిగి మళ్లీ మౌసీ చేతికే వచ్చింది. "బోర్‌వెల్ లగాదో" అన్నాడు పెద్దాఫీసరు, గడియారం చూసుకుంటూ.

ట్యాంకుకు దూరంగా, ఊరికి పై వైపున, గట్టి రాతిలో బోరు వేశారు. నీళ్లు నేనే పరీక్షించాను, నిజంగానే మంచినీళ్లు. సారుకు మాత్రం ఆ సంవత్సరం రావాల్సిన ప్రమోషన్ రాలేదు. ఆయన దాని గురించి నా దగ్గర ఎప్పుడూ ఎత్తలేదు. నేనైతే గాలిలో తేలిపోతూ, ఒక ఊరిని ఉద్ధరించినదాన్నని నాకు నేనే చప్పట్లు కొట్టుకుంటూ తిరిగాను.

బోరు పడిన కొద్దిరోజులకు మౌసీ కూరలు తెచ్చింది, ఎప్పటికన్నా ఆలస్యంగా. "ఇప్పుడు నీళ్లెలా ఉన్నాయి మౌసీ?" అని హిందీలో అడిగాను, పొగడ్త కోసం ముందుగానే నవ్వుమొహం పెట్టుకుని. ఆమె గంప దించి, మెడ పట్టేసిందేమో, చేత్తో రుద్దుకుంది. "మీఠ్ హే నోనీ," అంది తృప్తిగా. తర్వాత మామూలుగా, వాన గురించి చెప్పినట్టు, "ఫేర్ అబ్బడ్ దురిహా హే" అంది. తియ్యగానే ఉన్నాయి, కానీ చాలా దూరం. బావి వాళ్ల గుమ్మాల ముందు ఉండేది. బోరు పొలాలు దాటి గట్టెక్కితే గానీ రాదు. ఆ దూరాన్ని నేను సైకిలు మీద ఎన్నోసార్లు వెళ్లొచ్చాను, నిండు బిందెతో ఒక్కసారీ నడవలేదు. నీళ్లలో ఏముందో పరీక్షించాను గానీ, నీళ్లు ఎవరి నెత్తిన వస్తాయో పరీక్షించాలని నాకు తోచలేదు. ఆమె నిష్ఠూరంగా అనలేదు. పాలకూర కట్టలు రెండు ఎక్కువ పెట్టి వెళ్లిపోయింది. ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడు, అప్పట్లో నేనైన ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. కాటుకతో గీసుకున్న కనుబొమ్మతో, పాలకూర చేతిలో పట్టుకుని, గుమ్మంలో అలాగే నిలబడిపోయి, మొహం మీది నవ్వును ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చూస్తూ ఉంటుంది.