వేలడిగితే పిడికిలి

మా వదిన పోయింది. పోయిన వారం, ఆళ్లగడ్డలో, తన ఇంట్లోనే. కొన్నేళ్లుగా కూర్చోవడమే మరిచిపోయిన మనిషి, ఆ పొద్దున పెరటి గడప మీద కూర్చుంది. నేను సంతోషపడి కాఫీ కలపడానికి పోయాను. గ్లాసుతో వచ్చేసరికి అట్లాగే కూర్చుని ఉంది, మనిషి మాత్రం లేదు.

ఇప్పుడు ఆమె బదులు నేను తిరుగుతున్నాను. వాకిలి నుంచి పెరటికి, పెరటి నుంచి వాకిలికి. గొళ్లెం పడిందో లేదో చూస్తాను, వచ్చి కూర్చుంటాను, మళ్లీ లేస్తాను. ఎవరు బయటికి పోతారని ఈ గొళ్లెమో నాకే తెలియదు.

ఆమె మా పెద్దన్న భార్య. ఆడపిల్లల బడిలో టీచరు. పిల్లల్లేరు. సాయంత్రాలు వసారాలో కలుపుతీతకు పోయే ఆడవాళ్లనూ, బండలు పాలిష్ పట్టే ఆడవాళ్లనూ కూర్చోబెట్టుకుని సంతకం నేర్పేది. కొత్తగా వచ్చినామె బొటనవేలికి ఇంకు మరక ఉంటే కిరసనాయిలు గుడ్డతో తనే తుడిచేది. తర్వాత పలక చేతికిచ్చేది.

"ఎవడన్నా వేలడిగితే పిడికిలి చూపించు. పేరడిగితే రాయి. తెల్సిందా?"

నేను అప్పట్లో నంద్యాలలో కాలేజీ లెక్చరర్ని. ఎమ్మే చదివానని కాస్త మిడిసిపాటు కూడా ఉండేది. ఒకసారి సెలవుల్లో వచ్చి ఆ వసారా పాఠం చూస్తుంటే నావైపు తిరిగి, "అమ్మీ, నువ్వు చదువొచ్చినోళ్లకే చదువు చెప్తావ్. దానికి జీతం గూడానా?" అంది. పలకలు పట్టుకున్న వాళ్లంతా ఒకటే నవ్వు. ఆమె ముందు నా డిగ్రీ ఎప్పుడూ మెట్టు కిందే చెప్పులు విడిచేది.

ఇంకో మాట ఆమె నోట ఎప్పుడూ ఉండేది: "నన్నడిగినారా?" మా అన్న ఫ్రిజ్ కొన్నా అదే మాట, పెరట్లో వేపకొమ్మ కొట్టించినా అదే మాట. అడిగితే వద్దనేది కాదు. అడగాలి, అంతే.

అన్న పోయిన తర్వాత మతిమరుపు మొదలైంది. డాక్టర్లు డిమెన్షియా అన్నారు. ముందు నా పేరు పోయింది, తర్వాత తన పేరు. పోనిది నడక ఒక్కటే. వాళ్ల నాన్న బేతంచెర్ల బండలు పరిపించి కట్టిన ఇల్లది. ఆ బండల మీద పొద్దంతా తిరిగేది, ఒక్కసారి తూలింది లేదు. మా ఇంటికి నంద్యాల తీసుకుపోతే స్నానాలగదిలో పడింది, మూసిన ప్రతి తలుపునూ కొట్టింది, ఇంటికి పంపించమని ఏడ్చింది. దాంతో నేనే మూట కట్టుకుని ఆళ్లగడ్డకు వచ్చేశాను. నంద్యాలలో మా కోడలికి ఊపిరాడింది. నా మనవరాలు ఫోన్లో ఆ సంగతి దాచకుండా చెప్పింది కూడా.

అప్పుడు దిగాడు వెలుగోడు నుంచి ఆమె మేనల్లుడు. చేతిలో ఆమెకిష్టమైన బెల్లం మిఠాయి, సంచిలో ఇల్లు అమ్మే అగ్రిమెంటు.

"ఏమత్తా, బాగుండావా? నేను గుర్తుండానా?"

"ఎవురప్పా నువ్వు? ఫీజు కట్టినావా?"

వాడు నవ్వి ఇంకుపెట్టె మూత తీశాడు. "ఈడ ఒక్క వేలెయ్యత్తా, సాలు. వెలుగోడులో నా ఇంట్లోనే నీకో రూమిస్తా. బాగా సూసుకుంటా."

వదిన నడక ఆపి ఆ నల్లటి ఇంకు వంక చూసింది. బొటనవేలు లోపలికి మడిచి పిడికిలి బిగించింది.

"పలకియ్యి. రాస్తా."

"ఏం రాస్తావు? నీ పేరేందో చెప్పు సూద్దాం."

ఆమె నా వంక చూసింది. పేరు తెలియదు. పిడికిలి మాత్రం సడలలేదు. వాడు ఒక్కో వేలూ విప్పబోయాడు.

"ఒరే, అది ఆమె చెయ్యి. నీ జేబు గాదు," అన్నాను.

"నీకేం సంబంధం చిన్నమ్మా? నువ్వామెకు ఆడబిడ్డవు. ఏ హక్కుతో అడ్డం పడతాండావ్?"

వాడి మీద కోపం వచ్చింది కానీ ప్రశ్న మాత్రం సరైనదే. దానికి జవాబు తెచ్చుకోవడానికే, వదినను పక్కింటామెకు అప్పజెప్పి మరునాడు నంద్యాల బస్సెక్కాను.

"మైనర్లకు గార్డియన్‌ను పెట్టేదానికి చట్టముందమ్మా," అన్నాడు వకీలు. "పెద్దోళ్లు ఇట్ల అయిపోతే తిన్నగా పనికొచ్చే చట్టం లేదు. హైకోర్టులో రిట్ వేయాల. వాళ్లు డాక్టర్ల బోర్డుకు చూపిమ్మంటారు, తహసీల్దారుతో విచారణ చేయిస్తారు."

"అంతదాకా?"

"అంతదాకా ఆయప్పకు వేలు దొరక్కుండా చూసుకోండి."

నన్ను గార్డియన్‌గా పెట్టమని రిట్ వేశాను. విచారణకు తహసీల్దారు వచ్చాడు. వదిన ఆగదు కదా. పాపం, ఫైలు చంకలో పెట్టుకుని ఆయనా ఆమె వెనకే వాకిలికీ పెరటికీ తిరిగాడు. "పేరేందమ్మా? ఇది ఎవురిల్లమ్మా?" అని నడుస్తూనే అడిగాడు. ఒక్కదానికీ జవాబు లేదు. చివర్లో కాగితం కింద వేలిముద్ర అడిగాడు. ఆమె ఆగి, ఆయన ముఖం ముందు పిడికిలి పట్టింది. "ముద్ర వేయుటకు నిరాకరించినది" అని రాసుకుని పోయాడు.

ఆ మాట చదివి నేను గర్వపడ్డాను. నాలుగు రోజులు కూడా నిలవలేదు ఆ గర్వం. మేనల్లుడి తరఫు వకీలు దాన్నే పట్టుకున్నాడు: వద్దనగలిగిన మనిషికి తెలివున్నట్టే కదా, ఇక గార్డియన్ ఎందుకు? అంటే, ఇంటిని ఇంతవరకూ కాపాడిన పిడికిలే ఇప్పుడు ఇంటికి ఎసరు పెట్టింది. తీర్పు వచ్చేదాకా ఆ ఇంట్లో నడిచేవాళ్లు ఇద్దరయ్యారు. ఎదురుపడినప్పుడు ఆమె పక్కకు తప్పుకుని నాకు దారిచ్చేది. మర్యాద పోలేదు.

దేనికి వద్దంటున్నదో ఆమెకు తెలియదని డాక్టర్ల బోర్డు రాసింది. కోర్టు నన్ను గార్డియన్‌గా పెట్టింది. ఆమె బతికినంతకాలం కోర్టు అనుమతి లేకుండా ఇల్లు అమ్మరాదంది. గెలిచాను. బ్యాంకులో ఆమె తరఫున మొదటి సంతకం పెట్టిన రోజు నాకు అన్నం సయించలేదు. ఊళ్లో ఇంతమందికి సంతకం ఇచ్చిన మనిషి సంతకం, చట్టప్రకారం, నా చేతికొచ్చింది. ఆమె అవునన్నా కాదన్నా ఇక లెక్కలోకి రాదు. ఆమె మంచికే. ఆ మాట నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను, ఇంకా పూర్తిగా నమ్మలేదు.

అందుకని ప్రతిదీ అడిగాను. చీర, దీపం, కిటికీ, అన్నీ.

"వదినా, ఉప్మానా, దోసెనా?"

"నన్నడిగినావా?"

"నిన్నే."

"అయితే ఏదో ఒకటి చెయ్యి."

ఆమె శ్వాసతోనే నా గార్డియన్ పదవీ పోయింది. ఇల్లు ఆమెకు పుట్టింటి నుంచి వచ్చింది కాబట్టి ఇక మేనల్లుడిదే. వాడు వచ్చి నిజంగానే ఏడ్చాడు. కాస్త ఆగి ఉంటే ఎవరి వేలూ అడగకుండానే వచ్చేదని నాలుక చివరిదాకా వచ్చింది. ఆ రోజుకు నోరు మూసుకున్నాను. ఇప్పుడు రాస్తున్నాను.

స్నానం చేయించి పడుకోబెట్టాక కాళ్ల బొటనవేళ్లు కలిపి కట్టారు. అంత తిరిగిన కాళ్లు చిన్న గుడ్డపీలికకు ఊరుకున్నాయి. చేతుల బొటనవేళ్లు కూడా కట్టాలని పక్కింటామె పిడికిలి విప్పబోయింది.

"కుడిచెయ్యి రాలేదక్కా. గట్టిగా లాగాల్నేమో."

గుమ్మం దగ్గర బండల పాలిష్ ఆమె నిలబడి ఉంది. ఒకప్పుడు ఆ వసారాలో పలక పట్టిన మనిషే.

"ఇడిసిపెట్టుమ్మే," అంది. "టీచరమ్మ వేలియ్యదు."

ఏడుస్తున్నవాళ్లు ఒక్క క్షణం నవ్వారు. పక్కింటామె నా వంక చూసింది. నేను అలవాటు కొద్దీ వదిన వంక చూశాను. ఆ చేతిని అట్లాగే వదిలేశారు.

పాడె వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. బంతిపూలు కుదుపుకు ఒక్కొక్కటే జారి రోడ్డు మీద పడుతున్నాయి. వాటి మధ్య నుంచి ఆ పిడికిలి పైకి కనిపిస్తూనే ఉంది, బొటనవేలు లోపలే.