మసి పూసిన జడ

మొన్న మా మనవరాలు సూర్యాపేటలో పార్లరుకు పోయి, నిక్షేపంలాంటి నల్లటి జుట్టును ఎండుగడ్డి రంగులోకి మార్పించుకుని వచ్చి నా ముందు గిర్రున తిరిగింది. దాన్ని బ్లాండ్ అంటారట. ఇంగ్లీషులో రాసేటప్పుడు ఆడవాళ్ళకైతే చివర ఒక అక్షరం ఎక్కువ పెట్టాలట, మగవాళ్ళకు అక్కర్లేదట. ఆహా, ఏం తెలివి! ఒకే రంగుకు ఆడపిల్లకో మాట, మగపిల్లవాడికో మాట పెట్టడం మా ఊరు చివ్వెంల వాళ్ళకు ఇంగ్లీషు రాకముందే వచ్చు.

నేనూ మా తమ్ముడూ అదే ఎండుగడ్డి జుట్టుతో పుట్టాం. వాణ్ణి ఊరంతా దొర అని ముద్దుచేసేది, నన్ను మాత్రం ఎర్రెంటికల దయ్యం అనేది. అలా పిలిచిన పెద్దమనుషుల్లో సగం మందికి నెత్తిన గుప్పెడు వెంట్రుకలైనా ఉండేవి కావు లెండి.

నాకు సంబంధాలు చూసే వయసు రాగానే మా నాయనమ్మ నడుం బిగించింది. దీపం మీద మూకుడు బోర్లించి పట్టిన మసిని ఆముదంలో రంగరించి, నా తలకు పట్టించి, కణతలు లాగేసేంత బిగువుగా జడ వేసి, సూర్యాపేట తీసుకుపోయి ఫోటో తీయించింది. నేను గింజుకుంటే, "జర ఊకోవే, పెండ్లయినంక నీ ఎంటికలు ఎవడు సూస్తడు?" అని కసురుకుంది. ఆ ఫోటో కోదాడకు పోయింది, పిల్ల నచ్చిందని కబురొచ్చింది. పెళ్ళయ్యాక కూడా చదివిస్తామన్నారని నేనూ ఆ సంబంధం మీద గట్టిగా ఆశ పెట్టుకున్నాను.

పెళ్ళిచూపుల నాడు ఎండ మండిపోతోంది. మసి చెమటలో కలిసి చెవుల వెనక నుంచి జాకెట్టు మీదికి దిగింది. పెళ్ళికొడుకు తల్లి దగ్గరికి వచ్చి జడ పట్టుకుంది, అరచెయ్యి నల్లబడింది. "ఇదేంటండీ, పిల్ల తలకి మసి పూశారా?" అని, ఆ చెయ్యి మా నాయనమ్మ కొంగుకే తుడిచి లేచిపోయింది. ఆ పెళ్ళికొడుకు మహానుభావుడు తల్లి వెనకే లేచాడు గానీ, పెట్టిన బజ్జీలు మాత్రం ఒక్కటి మిగల్చలేదు. ఛీ, అలాంటివాడి కోసమా నేను ఏడ్చింది! ఏడ్చింది వాడి కోసం కాదు, చదువు కోసం. అది అక్కడితో ఆగిపోయింది.

తర్వాత మిర్యాలగూడలో పెళ్ళయింది. అక్కడా మా అత్తగారు నల్లరంగు మాననివ్వలేదు. మా తమ్ముడి పెళ్ళప్పుడు వాడి తల వైపు చూసిన నాథుడు లేడు. ఇప్పుడు వాడిది బట్టతల, అయినా ఊళ్ళో ఇంకా దొరే! ఆ కోదాడావిడ మనవరాళ్ళు కూడా ఈపాటికి ఈ రంగే వేయించుకుని ఉంటారు, నాకేం అనుమానం లేదు.

ఇదంతా విని మనవరాలు పకపకా నవ్వి, "అమ్మమ్మా, నీ అసలు రంగు ఎట్లుండెనో సూపియ్యవా" అంది. పెట్టె తెరిచాను. నా చిన్నప్పటి ఫోటో కోదాడ పోయి తిరిగొచ్చిన అదొక్కటే, అందులో జడ నల్లగా నిగనిగలాడుతోంది. ఇప్పుడు చూద్దామంటే తలంతా తెల్లబడింది. పిల్లను దగ్గరికి లాక్కుని దాని జుట్టు చేతిలోకి తీసుకుని, గిదే రంగు బిడ్డా, అన్నాను. ఆ రంగును నేను అంతసేపు తీరిగ్గా చూడటం అదే మొదటిసారి.