టాప్ బాక్సులో ఐదు కిలోల బియ్యం

బండి కొన్నప్పటి నుంచి నా వారాంతాలన్నీ గ్యారేజీలోనే గడిచాయి. దూర ప్రయాణాలకు, మట్టిదారులకు పనికొచ్చే ఎత్తైన మోటార్‌సైకిల్ అది. దాని మీద కెనడా ఉత్తరపు కొసనున్న యూకాన్ దాకా వెళ్లి రావాలని నా కోరిక. ముందు గాలి ఆపే పెద్ద అద్దం, పడితే ఇంజన్‌కు దెబ్బ తగలకుండా ఇనుప కమ్మీలు, పక్కన రెండు అల్యూమినియం పెట్టెలు, సీటు వెనక ఇంకో పెద్ద టాప్ బాక్సు. ఒక్కో బోల్టూ బిగిస్తుంటే కలిగిన సంబరం నాకు పెళ్లప్పుడు కూడా కలగలేదు. ఆ మాట మా ఆవిడతో అనలేదు. అంత ధైర్యం లేదు.

అసలు సంగతి ఆవిడే. హైదరాబాదులో చదువుకునే రోజుల్లో స్కూటర్ మీంచి పడింది. అప్పటి నుంచి ఎవరి బండీ ఎక్కలేదు. నా హడావుడి అంతా చూసి, "ఒక్కరోజు ట్రయల్‌కి వస్తా. భయమేస్తే మాత్రం యూకాన్‌కి మీరొక్కరే వెళ్లండి" అంది. ఆవిడ లేకుండా వెళ్లడం నాకు ఇష్టం లేదు.

అందుకే అసలు ప్రయాణానికి సర్దినట్టే సామాను సర్దాను. ఇండియా వెళ్లేటప్పుడు సూట్‌కేసులు సర్దడంలో మా ఇంట్లో నన్ను మించినవాళ్లు లేరు. అప్పుడు పెట్టెలు తూచే కొక్కెం త్రాసునే బయటికి తీశాను. గుడారం, బట్టలు పక్క పెట్టెల్లో పెట్టి, రెండూ సమానంగా తూగేదాకా అటూ ఇటూ మార్చాను. మిగిలిన ఆవకాయ సీసాలు, రైస్ కుక్కర్, ఐదు కిలోల బియ్యం టాప్ బాక్సులో చక్కగా పట్టాయి. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

బర్నబీ ఊరు దాటి, సముద్రం పక్కనుంచి ఉత్తరానికి పోయే రోడ్డు ఎక్కాం. వేగం పెరగగానే హ్యాండిల్ అటూ ఇటూ కొట్టుకోసాగింది. ముందు చక్రం నేలను పట్టుకున్నట్టే లేదు. ఆవిడ నా జాకెట్‌ను రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. మెల్లగా వేగం తగ్గించి పక్కకు ఆపాను.

ఆవిడ దిగి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, టాప్ బాక్సు తెరిచింది.

"బరువంతా తీసుకెళ్లి తోక మీద పెట్టారేంటండీ? ముందు చక్రం తేలిపోక ఏం చేస్తుంది?"

"రెండు వైపులా సమానంగానే తూచానే."

"ఇదేమన్నా ఫ్లయిటా, తూచి ఇచ్చేస్తే మిగతాది వాళ్లు చూసుకోడానికి?"

రోడ్డు పక్కనే అన్నీ దించాం. బియ్యం, కుక్కర్, సీసాలు పక్క పెట్టెల అడుగుకు చేరాయి. బట్టలు టాప్ బాక్సులోకి వెళ్లాయి. నేనొక్కణ్నే కాస్త దూరం వెళ్లి చూసుకుని వచ్చాను. బండి బుద్ధిగా నడిచింది. ఆవిడ ఎక్కి కూర్చుంది. ఇంటికి చేరాలన్నా ఎక్కక తప్పదు కదా అనుకున్నాను.

నాలుగు మలుపులు తిరిగేసరికి కొండలు ఎదురొచ్చాయి. నీళ్లలోంచి నేరుగా లేచిన రాయి, దాని నెత్తిన ఎండాకాలంలోనూ కరగని మంచు. ఈ దారిన కారులో ఎన్నోసార్లు వచ్చాను, ఇంత పెద్దవని ఎప్పుడూ తెలియలేదు. ఇప్పుడు తల ఎత్తేకొద్దీ కొండ ఇంకా ఉంటూనే ఉంది. ఒళ్లు జలదరించింది. దాని ముందు నా బోల్టులూ నా త్రాసూ ఏపాటివని సిగ్గు కూడా వేసింది.

బళ్లు ఆపుకునే చోట ఆగాం. ఆవిడ దిగి హెల్మెట్ తీసి, బండికి దూరంగా వెళ్లి నిలబడింది. ఇందాకటి భయం ఇంకా వదల్లేదనుకున్నాను.

"ఇక వెనక్కి తిప్పనా?" అన్నాను.

ఆవిడ కొండ మీంచి చూపు తిప్పలేదు.

"యూకాన్‌లో ఇంతకన్నా పెద్దవి ఉంటాయా?" అంది.